మగని మనోవ్యాధి - మగువల మాత్ర

మన యిండ్లలో పెండ్లి ముహూర్తమో, సత్యనారాయణ వ్రతమో, తీర్థయాత్రయో నిశ్చయమైనప్పుడు ఇంటి స్త్రీలు పంచాంగముతోపాటు తమ నెలసరి లెక్కయు చూచుకొందురు. లెక్క కుదరనిచో మందుల దుకాణమునుండి చిన్న మాత్రలు తెప్పించుకొందురు. వైద్యుని చీటి యుండదు. ఎన్ని దినములు మ్రింగవలెనో పొరుగింటి పిన్నిగారు చెప్పుదురు. కార్యము నిర్విఘ్నముగా ముగియును. ఆ దినములలో ఆమెకు నిష్కారణముగా కన్నీరు వచ్చినను, బిడ్డలపై విసుగు కలిగినను, దానిని ఎవ్వరును ఆ మాత్రతో ముడిపెట్టరు. పెండ్లిపనుల అలసట యని కొందఱందురు; ఆడువారి మనసే అంత యని మఱికొందఱందురు.

ఆ మాత్రలలో సాధారణముగా నుండు పదార్థము పేరు నోరెథిస్టిరోన్. స్త్రీ శరీరమున సహజముగా నూరెడి ప్రొజెస్టిరోన్ అను హార్మోనును పోలునట్లు 1951లో మెక్సికో నగరమున రసాయనశాస్త్రజ్ఞులు దీనిని నిర్మించిరి. గర్భనిరోధక మాత్రలలో అధికభాగము ఈ కుటుంబమునకు చేరినవే. ఆ మాత్ర వెలువడుటకు కారకులైన శాస్త్రజ్ఞులు పలువురు కలరు. కాని ధనమిచ్చి, పని సాగుచున్నదా లేదా యని వెంటబడి, ఫలము చేతికి వచ్చువఱకు విడువని వ్యక్తి యొక వృద్ధురాలు. ఆమె కాథరీన్ డెక్స్టర్ మెకార్మిక్. అమెరికా స్త్రీల ఓటుహక్కు చరిత్రలోను, కుటుంబ నియంత్రణ చరిత్రలోను ఆమె పేరు ప్రసిద్ధము.

ఆమె జీవితమున ఒక విచిత్రమున్నది. హార్మోనులు మనసును శాసించునని నమ్మి, భర్త మనోవ్యాధికి మందు కనుగొనుటకై ఆమె ఇరువది యేండ్లు పరిశోధన సాగించెను. ఆమె ధనముతోనే తరువాత స్త్రీలకు హార్మోను మాత్ర లభించెను. కాని ఆ మాత్రలోని హార్మోను స్త్రీ మనసును ఏమి చేయునను ప్రశ్నను నాడు ఎవరును శ్రద్ధగా అడుగలేదు. ఆ ప్రశ్న ఎట్లు మఱుగుపడినదో, తుదకు ఎవరు అడిగిరో తెలిసికొనుటకు ఆమె కథను మొదటినుండి చెప్పవలెను.

కాథరీన్ 1875 ఆగస్టు 27వ తేదీన మిచిగన్ రాష్ట్రమున, తన పితామహుడు స్థాపించిన డెక్స్టర్ అను ఊర జన్మించెను. తండ్రి వర్ట్ డెక్స్టర్ చికాగో నగరమున పేరుమోసిన న్యాయవాది. సంపదకు లోటులేని యిల్లు. కాని ఆమె 14 ఏండ్ల బాలికగా నున్నప్పుడు, 1890లో, తండ్రి గుండెపోటున మరణించెను. 1894లో అన్న సామ్యూల్ మెదడు పొరల వాపుతో చనిపోయెను. తల్లియు కూతురును బోస్టను నగరము చేరిరి. నిండు యౌవనమున ఉన్న అన్నను వైద్యులు రక్షింపలేకపోవుట కన్నులార చూచిన ఆ యువతికి శరీరశాస్త్రము నేర్వవలెనను పట్టుదల కలిగెను.

ఆ కాలమున ధనికుల యింటి కన్యకు చదువు అలంకారమాత్రము. కాథరీన్ అట్టి చదువుతో తృప్తి చెందలేదు. ప్రవేశమునకు వలసిన పాఠములు మూడేండ్లు చదివి, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరి, 1904లో జీవశాస్త్రమున పట్టము పొందెను. ఆ సంస్థలో ఆ శాస్త్రమున పట్టము గ్రహించిన తొలి స్త్రీలలో ఆమె ఒకతె. విద్యార్థినులు ప్రయోగశాలలో సైతము ఈకల టోపీ ధరించి తీరవలెనను నియమము ఆనాడుండెను. మంటలు వెలుగు చోట అట్టి టోపీ ప్రమాదకరమని ఆమె వాదించి ఆ నియమమును తొలగింపజేసెనని చెప్పుదురు. కారణము చెప్పలేని కట్టుబాటును ఆమె సహించునది కాదు.

పట్టము వచ్చిన యేడే, 1904 సెప్టెంబరు 15న, స్విట్జర్లాండులోని ప్రాంజీన్ కోటయందు ఆమె వివాహము జరిగెను. వరుడు స్టాన్లీ మెకార్మిక్. పైరు కోయు యంత్రమును ప్రచారములోనికి తెచ్చి కోట్లు గడించిన సైరస్ మెకార్మిక్‌కు కడపటి కుమారుడు. స్టాన్లీ చదువుకొన్నవాడు, సున్నిత హృదయుడు, చిత్రలేఖనమునం దాసక్తి కలవాడు. కాని ఆ వంశమున మనోవ్యాధి ఛాయ యుండెను. అతని యక్కలలో ఒకరు అప్పటికే ఆ వ్యాధితో నలుగుచుండెను. పెండ్లియైన రెండేండ్లకే స్టాన్లీ మనసు చెదరెను. 1906లో అతనిని బోస్టను సమీపమున నున్న మెక్లీన్ ఆసుపత్రిలో చేర్చిరి. నేడు స్కిజోఫ్రెనియా యని పిలుచు వ్యాధిగా వైద్యులు దానిని నిర్ణయించిరి. 1908లో అతనిని కాలిఫోర్నియాలోని రివెన్ రాక్ అను ఎస్టేటునకు మార్చిరి. 1909లో న్యాయస్థానము అతడు తన వ్యవహారములు చూచుకొనజాలడని తీర్మానించెను.

రివెన్ రాక్ విశాలమైన తోటలతో, భవనములతో రాజప్రాసాదమువలె నుండెడిది. కాని రోగికి అది కారాగారమే. స్త్రీలను చూచినచో అతడు ఉద్రేకము చెందునని, స్త్రీ యన్నది ఆ యావరణలో అతని కంటబడరాదని వైద్యులు కట్టడి చేసిరి. భార్యకును ఆ కట్టడి తప్పలేదు. ఆమె ఏటేట బోస్టనునుండి అంత దూరము పోవును, వైద్యులతో మాటాడును, పథ్యపానముల లెక్క చూచును, భర్తను ఎదుట నిలిచి పలుకరింపకయే మరలివచ్చును. ఇట్లు దాదాపు ఇరువది యేండ్లు గడచెను. ఆమె విడాకులు కోరలేదు. వంశమున ఆ వ్యాధి పాకునేమోయను భయముతో సంతానమును కూడ వలదనుకొనెను.

సంసారము అట్లు మూతపడగా ఆమె శక్తి ప్రజాసేవవైపు మరలెను. 1909 నుండి స్త్రీల ఓటుహక్కు ఉద్యమమున ఆమె బహిరంగ సభలలో ప్రసంగించెను. జాతీయ సంఘమునకు కోశాధికారిణిగను, ఉపాధ్యక్షురాలుగను పనిచేసెను. 1920లో రాజ్యాంగ సవరణచే అమెరికా స్త్రీలకు ఓటుహక్కు లభించెను. ఆ లోపల, 1917లో, ఆమెకు మార్గరెట్ సాంగర్‌తో పరిచయమయ్యెను. సాంగర్ న్యూయార్కులో దాదిగా పనిచేసి, వరుస కాన్పులతో కృశించిన పేదతల్లులను చూచి, సంతాన నియంత్రణమునకై జీవితమంకితము చేసిన స్త్రీ. ఆమె 1935లో మన దేశమునకు వచ్చి వార్ధాలో గాంధీ మహాత్మునితో ఈ విషయమై చర్చించిన సంగతి చదువరులలో కొందఱు ఎఱుగుదురు.

ఆ కాలమున అమెరికాలో గర్భనిరోధక సాధనములను తెప్పించుట, పంపుట శాసనముచే నేరము. 1920 తరువాతి కొన్నియేండ్లు కాథరీన్ వేసవిలో ఐరోపాకు పోవును. అక్కడ స్త్రీలు వాడు రబ్బరు సాధనములను వందలుగా కొనును. వానిని కుట్టుపనివారిచే కోటుల మడతలలో, గౌనుల అంచులలో కుట్టించి, పెద్ద పెట్టెలతో ఓడ దిగును. ధనవంతురాలి దుస్తులను సుంకపుటధికారులు విప్పి చూడరు. ఇట్లు వేయికి పైగా సాధనములు సాంగర్ చికిత్సాలయమునకు చేరెను.

ఇంతలో భర్త వ్యాధిని గూర్చి ఆమె ఒక నిశ్చయమునకు వచ్చెను. ఆ దశకములలో వినాళ గ్రంథుల శాస్త్రము కొత్తగా వికసించుచుండెను. నాళములు లేకయే రక్తములోనికి నేరుగా స్రవించు ఈ గ్రంథుల రసములకే హార్మోనులని పేరు. కంఠమునందలి థైరాయిడ్ గ్రంథి మందగించినచో మనిషి మందుడగుట, దాని సారమిచ్చినచో తేరుకొనుట వైద్యులు చూచియుండిరి. 1921లో ఇన్సులిన్ కనుగొనబడెను. స్టాన్లీ వ్యాధికిని మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథుల లోపమే కారణమై యుండునని కాథరీన్ నమ్మెను. ఆమె 1927లో హార్వర్డు విశ్వవిద్యాలయమున నాడీమండలమునకును హార్మోనులకును గల సంబంధమును పరిశోధించుటకు ఒక సంస్థను నెలకొల్పెను. రాయ్ హాస్కిన్స్ దానికి అధిపతి. ఆ సంస్థవారు వూస్టర్ నగరమున నున్న ప్రభుత్వ మానసిక చికిత్సాలయమున రోగులను ఏండ్ల తరబడి పరీక్షించిరి.

భర్త తోబుట్టువులకు మనోవిశ్లేషణ చికిత్సయందు విశ్వాసము. భార్యకు హార్మోను చికిత్సయందు విశ్వాసము. ఆ తగవు 1929లో న్యాయస్థానమునకెక్కెను. పత్రికలు దానిని వినోదముగా ప్రకటించెను. చికిత్స ఏదైనను స్టాన్లీ కోలుకొనలేదు. 1947 జనవరిలో అతడు మరణించెను. ఆ యేడే హార్వర్డులోని పరిశోధనయు ముగిసెను. స్కిజోఫ్రెనియాకు అడ్రినల్ గ్రంథి కారణమను ఊహ నిలువలేదు. కాని హార్మోనులకును మనసునకును సంబంధము కలదను మూలభావము తప్పు కాదని తరువాతి శాస్త్రము తెలిపెను.

భర్త ఆస్తి మూడున్నర కోట్ల డాలర్లకు పైబడినది. పన్నుల చిక్కు తీరుటకు ఐదేండ్లు పట్టెను. ఆ నడుమనే, 1950లో, ఆమె సాంగర్‌కు లేఖ వ్రాసి సంతాన నియంత్రణమున ధనము ఏ పనికి మిక్కిలి యవసరమో తెలుపుమని కోరెను. 1953 జూన్ 8వ తేదీన వారిద్దఱును మసాచుసెట్స్‌లోని ష్రూస్బరీ గ్రామమున వూస్టర్ ఫౌండేషన్ అను పరిశోధనాలయమునకు పోయిరి. అక్కడ గ్రెగొరీ పింకస్, మిన్ చ్యూ చాంగ్ అను శాస్త్రజ్ఞులు ప్రొజెస్టిరోన్ ఇచ్చినచో కుందేళ్లలో అండము విడుదల కాదని చూచియుండిరి. కాథరీన్ అక్కడికక్కడే చెక్కు వ్రాసి యిచ్చెను. అప్పటికి ఆమె వయస్సు 77. తరువాత ఏటా లక్షన్నర డాలర్లకు పైగా ఇచ్చుచు, మొత్తము సుమారు 20 లక్షల డాలర్లు వెచ్చించెను. పని దగ్గర నుండుటకై కాలిఫోర్నియా విడిచి బోస్టనునకు నివాసము మార్చెను. జీవశాస్త్రము చదివిన మనిషి గనుక శాస్త్రజ్ఞుల నివేదికలు తానే చదివి ప్రశ్నించెడిది. ప్రభుత్వము గాని, పెద్ద విద్యాసంస్థలు గాని ముట్టుటకు జంకిన పరిశోధన ఈ విధముగా ఒక స్త్రీ చేతి చలువతో సాగెను.

బోస్టనులో జాన్ రాక్ అను స్త్రీవైద్యుడు 1954లో కొలదిమంది స్త్రీలపై ఆ మందు ప్రయోగించెను. మసాచుసెట్స్ చట్టము గర్భనిరోధమును నిషేధించినది గనుక సంతానలేమి చికిత్స యను పేర అది జరిగెను. వూస్టర్ ప్రభుత్వ మానసిక చికిత్సాలయములోని రోగులకును ఆ మాత్ర ఇచ్చి చూచిరి. ఒకప్పుడు కాథరీన్ ధనముతో భర్తవంటి రోగులకు మందు వెదకినది ఆ చికిత్సాలయముననే. ఇప్పుడు అచ్చటి రోగులు తమకై కాని మందునకు పరీక్షాపాత్రలైరి. అంగీకరించుటకు గాని నిరాకరించుటకు గాని వారికి స్వాతంత్ర్యము లేదు. ఈ పరీక్షను తలచినప్పుడు మనసు కలుక్కుమనక మానదు.

1956లో పోర్టోరికో ద్వీపమున రియో పియెద్రాస్ అను పేటలో పెద్దయెత్తున ప్రయోగము జరిగెను. పేదతల్లులు పలువురు సంతోషముతో ముందుకు వచ్చిరి. కాని వారు మ్రింగునది ఇంకను పరీక్షలోనున్న మందని వారికి విశదముగా చెప్పలేదు. ఆ మాత్రలో నేటి మాత్రలకంటె ఎన్నో రెట్లు మందుండెను. ఈస్ట్రోజన్ జాతి పదార్థమే 150 మైక్రోగ్రాములు. నేటి మాత్రలలో అది సాధారణముగా 20 నుండి 35. ప్రయోగమును నడపిన వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే, నూటికి 17 మంది తలతిప్పు, వికారము, తలనొప్పి, కడుపునొప్పి, వాంతులతో బాధపడిరని లెక్కించెను. గర్భము రాకుండుటలో మాత్ర సఫలమే గాని, ఇన్ని బాధలతో అది సర్వజనామోదము కాజాలదని ఆమె నిర్మొహమాటముగా నివేదించెను.

పింకస్ ఆ మాటకు విలువ నీయలేదు. మందులేని ఉత్తమాత్ర నిచ్చి బాధ కలుగునని ముందే హెచ్చరించిన స్త్రీలును అట్టి బాధలే చెప్పిరని చూపి, ఈ ఫిర్యాదులలో అధికభాగము మనసు కల్పించినవని తేల్చెను. ఇక్కడ చదువరులు ఒక్క క్షణమాగి ఆలోచింపవలెను. మనసు అను మాట ఆ పరిశోధనలోనికి వచ్చినది ఇట్లు. హార్మోను మనసును మార్చునా యను ప్రశ్నగా అది రాలేదు. స్త్రీల మాట నమ్మనక్కరలేదనుటకు ఆధారముగా వచ్చినది. భర్త విషయమున కాథరీన్ జీవితమంతయు అడిగిన ప్రశ్న ఆమె ధనముతోనే నడచిన ప్రయోగమున కనబడకపోయెను. ఆమె స్త్రీలకు ద్రోహము తలపెట్టలేదు. కాన్పు వెంట కాన్పుతో చచ్చుచున్న తల్లులను కాపాడవలెనను ఆతురతలో ఆ ప్రశ్న అడుగున బడిపోయెను. సదుద్దేశము గల తొందరయు ఒక్కొక్కప్పుడు కన్ను కప్పును.

1957లో ఆ మాత్రను ఋతుదోషములకు మందుగాను, 1960లో గర్భనిరోధమునకును అమెరికా ఔషధశాఖ అనుమతించెను. కొలది యేండ్లలోనే లక్షల స్త్రీలు దానిని గ్రహించిరి. చదువు, ఉద్యోగము, సంసారము తాము కోరిన క్రమమున అమర్చుకొను అవకాశము వారికి మొదటిసారి చిక్కెను. కాథరీన్ తన కడపటి యేండ్లలో తాను చదివిన సంస్థకు విద్యార్థినుల వసతిగృహము కట్టించెను. చదువుటకు సీటున్నను నివసించుటకు చోటులేక ఆడపిల్లలు వెనుదిరుగుచుండుట ఆమె చూడలేకపోయెను. 1963లో తెరచిన ఆ గృహమునకు తన పేరు పెట్టక స్టాన్లీ పేరు పెట్టెను. 1967 డిసెంబరు 28న, 92వ యేట, ఆమె కన్ను మూసెను.

ఆమె మరణించిన రెండేండ్లకు, 1969లో, బార్బరా సీమన్ అను పాత్రికేయురాలు మాత్రవలన కలుగు హానులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. నరములలో రక్తము గడ్డకట్టుట మొదలుకొని మనసు క్రుంగుట వఱకు స్త్రీలు చెప్పిన బాధలు అందు చోటుచేసికొనెను. 1970 జనవరిలో అమెరికా సెనేటులో విచారణ ప్రారంభమయ్యెను. సాక్ష్యమిచ్చుటకు మాత్ర మ్రింగిన స్త్రీ నొక్కతెనైనను పిలువలేదు. ప్రేక్షకులలో నున్న యువతులు లేచి నిలిచి, ఇది మా శరీరముల సంగతి గదా, మమ్మేల అడుగరని కేకలు వేసిరి. ఆ యలజడి ఫలముగా మాత్రల పెట్టెలో ప్రమాదములను తెలుపు కాగితము పెట్టవలెనను నియమము వచ్చెను. మాత్రలో హార్మోను పాలు క్రమముగా తగ్గెను.

ఇంక మన దేశము మాట. కాథరీన్ మరణించిన 1967లోనే రాజమహేంద్రవరమున జన్మించిన జనాభాశాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్ కేంద్రమున ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖామంత్రి యయ్యెను. ఆ దశాబ్దమున మన ప్రభుత్వము లూపుపైనను శస్త్రచికిత్సపైనను ఎక్కువ యాధారపడెను. హార్మోను పద్ధతి మన తెలుగునేలను పెద్ద వివాదమునకు గుఱిచేసినది 1985లో. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున నెట్-ఎన్ అను సూదిమందును పరీక్షార్థము స్త్రీలకు ఇచ్చు నేర్పాటు జరిగెను. రెండు నెలల కొకసారి వేయు ఆ సూదిమందులోనిదియు పైన చెప్పిన నోరెథిస్టిరోన్ జాతి పదార్థమే. హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన సభ్యురాండ్రు అక్కడికి పోయి విచారింపగా, వచ్చిన స్త్రీలకు అది పరీక్ష యని తెలియదని బయటపడెను. 1986లో ఆ సంస్థయు, ఢిల్లీ, అహమ్మదాబాదు నగరముల స్త్రీ సంస్థలును కలిసి సుప్రీము కోర్టు నాశ్రయించిరి. ఆ వ్యాజ్యము 2000 వఱకు సాగెను. ఆ సూదిమందును కుటుంబ నియంత్రణ కార్యక్రమమున సామూహికముగా వాడుట తగదని ప్రభుత్వము తుదకు అంగీకరించెను. పోర్టోరికోలో తల్లులకు చెప్పనిది, సెనేటులో యువతులు అడిగినది, పటాన్‌చెరులో మన సోదరీమణులు నిలదీసినది ఒకే మాట: ఇది ఏమి మందు, నన్నేమి చేయునని.

ఆ ప్రశ్నకు నేటి శాస్త్రము కొంత సమాధానమీయగలదు. తలలోని పీయూష గ్రంథి నెలనెలా పంపు ఆజ్ఞలచే అండాశయము ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ అను హార్మోనులను హెచ్చుతగ్గులుగా స్రవించును. ఈస్ట్రోజనును ప్రొజెస్టిరోన్ జాతి పదార్థమును కలిపిన మాత్ర దినదినము లోపలికి పోవుచుండగా పీయూష గ్రంథి తన ఆజ్ఞలను తగ్గించును. అండము విడుదల కాదు. అండాశయము తాను చేయు హార్మోనులును తగ్గిపోవును. సహజమైన ప్రొజెస్టిరోనునుండి శరీరము అల్లోప్రెగ్ననొలోన్ అను మఱియొక పదార్థమును చేసికొనును. మెదడునకు నెమ్మది నిచ్చు గుణము దానికి కలదు. మాత్రలు వాడువారిలో అది తగ్గుట పరిశోధకులు గమనించిరి. కొందఱు స్త్రీలకు కలుగు చికాకునకును దిగులునకును మూలము ఇక్కడ నుండవచ్చునని వారి యూహ.

2016లో డెన్మార్కు పరిశోధకులు 15 నుండి 34 ఏండ్ల వయస్సుగల పదిలక్షలకు పైబడిన స్త్రీల వివరములను పరిశీలించిరి. హార్మోనులు వాడనివారితో పోల్చగా, సామాన్యమైన మాత్రలు వాడువారు మనోవ్యాకులతకు మొదటిసారి మందు పుచ్చుకొనుట సుమారు 1.2 రెట్లు, 15 నుండి 19 ఏండ్ల బాలికలలో 1.8 రెట్లు. ఐనను అట్టి మందు అవసరమైనవారు మాత్ర వాడువారిలో ఏడాదికి నూటికి ఇద్దఱికి అటునిటుగానే యుండిరి. మాత్రయే కారణమని ఇంతమాత్రమున రుజువు కాదు. 2017లో స్వీడనులో 340 మంది స్త్రీలలో సగముమందికి మాత్రయు, సగముమందికి ఉత్తమాత్రయు మూడు నెలలు ఇచ్చి చూచిరి. మాత్ర వాడినవారిలో మనసు హాయి కొంచెము తగ్గెను గాని, వ్యాకులత చెప్పుకోదగినంత పెరుగలేదు. నెలసరికి ముందు మిక్కిలి క్రుంగిపోవు స్త్రీలకు ఒక విధమైన మాత్ర ఉపశమనమిచ్చునని 2006లో అమెరికా ఔషధశాఖ అంగీకరించినది. అనగా ఎక్కువమందికి ఏ మార్పును లేదు, కొందఱికి మేలు, కొందఱికి కీడు. ఆ కొందఱి మాట వినుట కొఱకే ఈ లెక్కలన్నియు.

మా నర్సీపట్నము మన్యమునకు వాకిలి. చింతపల్లి కొండలనుండి దిగివచ్చు తల్లులు ఇచ్చటి ఆసుపత్రి మెట్లెక్కుదురు. మన ఆంధ్రప్రదేశమున నేటికిని సంతాన నియంత్రణమన్న స్త్రీకి శస్త్రచికిత్సయే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి వివాహితలలో నూటికి దాదాపు 70 మంది ఆ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. మాత్రలు వాడువారు మిక్కిలి తక్కువ. ప్రభుత్వము 2017 నుండి అంతర యను మూడునెలల సూదిమందును, ఛాయ యను వారపు మాత్రను ఉచిత పద్ధతులలో చేర్చినది. ఛాయ లక్నో పరిశోధనాలయమున పుట్టినది. పై చెప్పిన హార్మోను కుటుంబమునకు చేరనిది. ఇట్లు ఎంచుకొనుటకు మార్గములు పెరుగుచున్నవి. ఋతుదోషములకని కళాశాల బాలికలకును వైద్యులు హార్మోను మాత్రలు వ్రాయుచున్నారు. కాని దుకాణములో కొను మాత్ర వెంట వచ్చు కాగితము సాధారణముగా ఇంగ్లీషులో, చీమకాళ్లవంటి యక్షరములలో నుండును. ఆ కాగితమునకై 1970లో స్త్రీలు పోరాడిరని తెలిసినవారమైనను మనము దానిని విప్పి చదువుచున్నామా?

ఉపాధ్యాయులకు నా విన్నపమొకటి. గర్భనిరోధక మాత్ర విషమని భయపెట్టుట తగదు. కోరని గర్భము, దాని భయము కూడ మనసును నలిపివేయును. కన్నులు మూసికొని మ్రింగుమనుటయు తగదు. మాత్ర ఆరంభించునప్పుడు మునుపు మనోవ్యాకులత కలిగియుండిన సంగతి వైద్యునికి చెప్పవలెనని, వాడుచుండగా వారముల తరబడి దిగులు, నిద్రలేమి, ఏడుపు కలిగినచో సిగ్గుపడక చెప్పవలెనని, వేఱు మాత్రయో వేఱు పద్ధతియో కోరు హక్కు తమకు కలదని ఆడపిల్లలకు తెలియజేయవలెను. మగపిల్లలకును చెప్పవలెను, నాళె భార్య కన్నీటికి కారణమడుగవలసినవారు వారే.

కాథరీన్ భర్త మనసు ఏల చెదరెనని నలువది యేండ్లు అడిగెను. ఆ ప్రశ్నకు ఆమెకు సమాధానము చిక్కలేదు. కాని ఆ ప్రశ్నను ఆమె విడువలేదు; అతనిని మొండివాడనియు, మాయలమారి యనియు తోసిపుచ్చలేదు. వ్యాధికి శరీరమున కారణముండునని, దానిని వెదకవలెనని నమ్మెను. మన యింటి స్త్రీ మనసు బాగుండలేదని చెప్పినప్పుడు ఆ నమ్మకములో పదియవ వంతు మనము చూపిన చాలును. పెండ్లివారింట మాత్ర మ్రింగి మూలగదిలో కన్నీరు తుడుచుకొను అక్కను, ఏమి మందు వేసికొంటివని ఒక్కరు అడిగినను, ఆ వృద్ధురాలు మఱచిన ప్రశ్నను మనము అడిగినవారమగుదుము.